అడుగుల లెక్క గుండె గురించి ఏం చెబుతుంది?

ప్రశ్న: మాది యలమంచిలి. నాన్నగారికి 63 ఏళ్లు. గుండెపోటు తర్వాత ఎకో తీసి పంపింగ్ 30 శాతమే ఉందని, ఇది హార్ట్ ఫెయిల్యూర్ అని చెప్పారు. మందులు మానకుండా వేసుకుంటున్నారు. నేను అచ్యుతాపురం సెజ్‌లో పనిచేస్తాను. పగలు ఆయన ఎలా ఉంటున్నారో తెలియడానికి స్మార్ట్ వాచీ కొనిచ్చాను. రోజుకు 3,000 అడుగులు దాటడం లేదు. వాచీ ఏమో 10,000 నడవమంటోంది. అడిగితే ‘నాకు బాగానే ఉందిరా’ అంటారు. బలవంతంగానైనా నడిపించాలా? ఏటా చేసే సింహాచలం గిరి ప్రదక్షిణకు ఈసారి పంపొచ్చా?

జవాబు: బలవంతం చేయొద్దు. ఆ 10,000 అంకె గుండె జబ్బుల పరిశోధనలోంచి పుట్టింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కించే పరికరాన్ని ఆ అంకె పేరుతో అమ్మింది. అప్పటినుంచి అది ప్రపంచమంతా పాకింది. మీ నాన్నగారికి దాంతో పని లేదు.

నన్ను ఆలోచింపజేసింది ఆ ‘బాగానే ఉంది’ అన్న మాట. గుండె బలహీనపడినవాళ్లు తమకు తెలియకుండానే పనులు తగ్గించుకుంటూ పోతారు. పొలందాకా వెళ్లే మనిషి వీధి చివర టీ కొట్టుతో ఆగిపోతాడు, కొన్నాళ్లకు అరుగు దిగడు. ఆయాసం వచ్చే పనే చేయడు కాబట్టి ఆయాసం లేదంటాడు. అబద్ధమాడుతున్నాడని కాదు, అతనికి నిజంగానే అలా అనిపిస్తుంది. ఆసుపత్రి వరండాలో ఆరు నిమిషాలు నడిపించి దూరం కొలిచే పరీక్ష మనిషి ఎంత నడవగలడో చెబుతుంది. ఇంటి దగ్గర ఎంత నడుస్తున్నాడో చెప్పేది మాత్రం ఒంటి మీదున్న పరికరమే.

దీని విలువ తెలిపిన పరిశోధన ఒకటి 2015లో అమెరికాలో వచ్చింది. పంపింగ్ బాగానే ఉన్నా గుండె బిగుసుకుపోవడం వల్ల ఫెయిల్యూర్ వచ్చిన 110 మందికి కదలికలు కొలిచే పరికరాలు నడుముకు కట్టారు. ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ మాత్ర వాడితే చురుకుదనం పెరుగుతుందని ఆశించారు. పెరగకపోగా, మోతాదు పెంచేకొద్దీ వాళ్ల రోజువారీ కదలిక తగ్గింది. మీ నాన్నగారి జబ్బు వేరే రకం. ఆయన వాడే మాత్రల్లో ఇది ఉంటే డాక్టరుకు చెప్పకుండా ఆపకండి.

ఇక మీరు చేయాల్సింది ఇది. రెండు వారాలు, నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా వాచీ చేతికి ఉంచండి. ఆ రోజుల సగటే ఆయన కొలమానం. పక్కింటాయన లెక్కతో పోల్చొద్దు, ఆయన పాత లెక్కతోనే పోల్చండి. వాన, జ్వరం, పెళ్లి ప్రయాణం లాంటి కారణమేదీ లేకుండా మూడు నాలుగు రోజులు వరసగా అడుగులు పడిపోతే వెంటనే బరువు చూడండి. పాదాల వాపు చూడండి. రాత్రి తలకింద దిండ్లు పెరిగాయేమో అడగండి. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి బరువు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టే. తర్వాతి చెకప్ దాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

నిలకడగా ఉన్నవారికి నడక మంచిదే. 2,331 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో కొందరితో వ్యాయామం చేయించి చూసిన పెద్ద అధ్యయనం 2009లో వెలువడింది. పర్యవేక్షణలో చేసే వ్యాయామం వారికి సురక్షితమేనని అందులో తేలింది. డాక్టరు సరేనంటే నడుస్తూ మాట్లాడగలిగే వేగంతో కొద్దికొద్దిగా పెంచండి.

గిరి ప్రదక్షిణకు మాత్రం వద్దు. 32 కిలోమీటర్లంటే దాదాపు 45 వేల అడుగులు, ఆయన 15 రోజుల నడక. ఆషాఢపు ఉక్కపోత, జనం, నిద్ర లేని రాత్రి, దానికితోడు వేళ తప్పే మందులు. ఆయన భక్తిని నేను గౌరవిస్తాను. మరో రోజు బస్సులో కొండెక్కించి అప్పన్న దర్శనం చేయించండి.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు, నర్సీపట్నం. నాకూ పంపింగ్ తక్కువే. వాచీలో నాడి ఒకసారి 58, మరోసారి 130 చూపిస్తోంది. బట్టలు ఉతికినా అడుగులు పెరుగుతున్నాయి. నమ్మొచ్చా అండీ?

జవాబు: వాచీకి తెలిసేది చేతి ఊపే. ఉతుకుతున్నా, గతుకుల రోడ్డు మీద బండెక్కినా అడుగులుగా లెక్కేస్తుంది. బిందె చంకనెత్తుకుని ఆ చేయి కదలకుండా నడిస్తే వదిలేస్తుంది. మరీ నెమ్మదిగా నడిచేవారి అడుగులూ తగ్గించి చూపిస్తుంది. అయినా పొరపాటు రోజూ ఒకే తీరులో జరుగుతుంది కాబట్టి వారం వారం పోలికకు పనికొస్తుంది. కేలరీల లెక్క పట్టించుకోకండి.

నాడి విషయం వేరు. చర్మంలోకి వెలుగు పంపి కొలుస్తారు కాబట్టి పట్టీ వదులైనా, ఆ చోట పచ్చబొట్టు ఉన్నా తప్పుతుంది. అయితే ఆ 130 నిజం కూడా కావచ్చు. మణికట్టు దగ్గర వేలు పెట్టి నిమిషం పాటు లెక్కించండి. వేగంగా గానీ, గతి తప్పి గానీ కొట్టుకుంటుంటే ఆరోజే ఈసీజీ తీయించండి. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్ లాంటి మాత్రలు నాడిని తగ్గిస్తాయి. అవి వాడుతుంటే వ్యాయామంలో నాడి ఇంతకు చేరాలని వాచీ చెప్పే లెక్క మీకు వర్తించదు.

ప్రశ్న: పేస్‌మేకర్ ఉంది. స్మార్ట్ వాచీ పెట్టుకోవచ్చా? (యలమంచిలి నుంచి)

జవాబు: పెట్టుకోవచ్చు. వాచీ, ఫోన్, చార్జర్ ఛాతీలోని పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఫోన్ చొక్కా జేబులో వద్దు. ఒంట్లో కొవ్వు కొలిచే సదుపాయం సన్నని కరెంటు పంపుతుంది, దాన్ని వాడకండి. చాలా పేస్‌మేకర్లు రోజుకు ఎంతసేపు కదిలారో వాటంతట అవే నమోదు చేస్తాయి. ఈసారి చెకప్‌లో ఆ లెక్క చూపించమని అడగండి.

వాచీ కొనలేనివారు బరువు తూచే మిషన్ కొనండి, ముందుగా కావాల్సింది అదే. ఇక పడుకుంటే ఊపిరాడకపోయినా, గుండెలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా వాచీ చూస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.