కాలిలో పుట్టిన గడ్డ – ఊపిరికి అడ్డు

విద్యార్థులారా! ధమనులు మంచి రక్తాన్ని, సిరలు చెడు రక్తాన్ని తీసుకుపోతాయని మీరు చదువుకున్నారు. ఈ నియమానికి లొంగని ధమని మన ఒంట్లో ఉంది. అదే పుపుస ధమని. గుండె కుడివైపు నుంచి చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు చేరవేస్తుంది. పరీక్షలో ఒక మార్కు తెచ్చే ఈ సంగతి ఒక్కోసారి ప్రాణాన్నే కాపాడుతుంది. ఎలాగో చూద్దాం.

మన నీళ్లతో పోల్చి చూడండి. మూసీ సూర్యాపేట వైపు నుంచి పారి, మిర్యాలగూడకు దిగువన వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. చిన్నది పెద్దదానిలో కలుస్తుంది. సిరలూ అంతే. కాలి నుంచి గుండెకు పోయేకొద్దీ వెడల్పవుతాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఇందుకు తలకిందులు. మిర్యాలగూడ, కోదాడ పొలాలకు చేరేసరికి పిల్ల కాలువలుగా చీలి సన్నబడుతుంది. పుపుస ధమని ఇలాంటిది.

ఇప్పుడు కాలి సిరలో కట్టిన రక్తపు గడ్డ ఊడిందనుకోండి. ఎక్కడ ఇరుక్కుంటుంది? గుండెదాకా దారి వెడల్పే కనుక కొట్టుకుపోతుంది. గుండె దాటాక, ఊపిరితిత్తిలో దారి సన్నబడేచోట, తూముకు అడ్డంపడ్డ నాచులా ఆగిపోతుంది. ఇదే పల్మనరీ ఎంబాలిజం. గడ్డలు ఇలా ప్రయాణిస్తాయని 19వ శతాబ్దం నడుమ జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో వివరించాడు.

గడ్డ ఎందుకు కడుతుంది?

నడిచేటప్పుడు పిక్క కండరాలు సిరలను నొక్కి రక్తాన్ని పైకి తోస్తాయి. హైదరాబాదు – విజయవాడ రహదారిపై ప్రమాదంలో కాలు విరిగి, కట్టుతో వారాల తరబడి మంచం పట్టిన మనిషిలో ఆ తోపు ఉండదు. రక్తం నిలుస్తుంది, గడ్డ కడుతుంది. పెద్ద ఆపరేషన్, కాన్పు, క్యాన్సర్ కూడా ఈ ముప్పును పెంచుతాయి.

గుర్తించడంలో ఆలస్యం ఎందుకు?

రోగికి హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీల్చితే ఛాతీలో పోటు, నాడి వేగం. ఇవే లక్షణాలు నిమోనియాలోనూ, గుండెపోటులోనూ, ఉబ్బసంలోనూ కనిపిస్తాయి. ఎక్స్‌రే తీస్తే తరచు పెద్ద తేడా కనిపించదు. ఎందుకంటే ఊపిరితిత్తిలోకి గాలి వస్తూనే ఉంది, రానిది రక్తం! ఇ.సి.జి.లో గుండె వేగం తప్ప మరేమీ తెలియకపోవచ్చు. పైగా, నొప్పి ఛాతీలో ఉంటే రోగి కాలి సంగతి చెప్పడు.

అనుమానం వస్తే దారి ఉంది. ముప్పు తక్కువని తోచిన రోగిలో డి-డైమర్ అనే రక్తపరీక్ష మామూలుగా ఉంటే ఈ జబ్బు లేదనుకోవచ్చు. ఎక్కువగా ఉంటే మాత్రం ఉన్నట్లు రుజువు కాదు. జ్వరం చేసినా, గాయమైనా అది పెరుగుతుంది. సిరలోకి మందు ఎక్కించి తీసే సి.టి. స్కాన్‌లో గడ్డ కనబడుతుంది.

త్వరపడితే ఫలితం ఎంత? 1960లో ఇంగ్లండు వైద్యులు బారిట్, జోర్డాన్ ఒక పరిశోధన ప్రకటించారు. గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ వంటి మందులు ఇచ్చిన 16 మందిలో ఒక్కరూ ఈ జబ్బుతో చనిపోలేదు. ఇవ్వని 19 మందిలో 5గురు చనిపోయారు.

మీరేం చేయాలి?

ఇంట్లో ఎవరికైనా ఒక కాలే వాచి నొప్పి పుడితే గట్టిగా మర్దన చేయకండి, వైద్యునికి చూపించండి. హఠాత్తుగా ఆయాసం వస్తే, గ్యాస్ అని సోడా తాగిస్తూ కూర్చోక 108కి ఫోన్ చేయండి. అత్యవసర విభాగంలో ఈ ఒక్క మాట మరవకుండా చెప్పండి: “అయ్యా, నెల కింద కాలు విరిగింది, మంచం మీదే ఉన్నాడు.”

ఆలోచించండి: ఎడమ జఠరికలో పుట్టిన గడ్డ ఊడితే ఊపిరితిత్తికి పోతుందా, మెదడుకు పోతుందా? గుండె బొమ్మ గీసి దారి వెతకండి.