క్వెరీ క్యాష్: పెంచినకొద్దీ మేలేనా?

మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్ సర్వర్‌లో ఒకప్పుడు క్వెరీ క్యాష్ అనే సదుపాయం ఉండేది. (ఈ క్యాష్ డబ్బు కాదు సుమా!) ఒక ప్రశ్నకు వెతికి తీసిన జవాబును సర్వర్ మెమరీలో దాచుకునేది. మళ్లీ అదే ప్రశ్న వస్తే టేబుళ్లు వెతకకుండా దాచిందే ఇచ్చేది. అదే ప్రశ్న అంటే అక్షరం పొల్లుపోకుండా అదే; మధ్యలో ఒక ఖాళీ ఎక్కువైనా కొత్త ప్రశ్న కిందే లెక్క.

మాది స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు వ్యవసాయ కుటుంబం గనుక ఉదాహరణ కూడా అక్కడిదే చెప్తాను. వరంగల్ ఏనుమాముల మార్కెట్ ధరలన్నీ ఒక టేబుల్‌లో ఉన్నాయనుకుందాం. పత్తి లోడెత్తే ముందు రాత్రిపూట మా బాపులాంటి వాళ్లు వందలమంది అడిగేది ఒక్కటే: క్వింటాలు ఎంత పలికింది? తెల్లారేదాక ధర మారదు. అక్కడ క్యాష్ బాగా అక్కరకొస్తుంది. అదే పరీక్షాఫలితాల రోజు చూడండి. ఒక్కొక్కరిది ఒక్కో హాల్‌టికెట్ నంబరు, ఒక్కో కొత్త ప్రశ్న. నా జవాబు దాచిపెడితే పక్కవాడికేం లాభం?

తెల్లారి వేలం మొదలై మిర్చి ధర ఒక్కటి దిద్దినా, ఆ టేబుల్ మీద దాచిన జవాబులన్నీ, పత్తివి కూడా, సర్వర్ పారేస్తుంది. కఠినమే గాని అదే న్యాయం. పాత ధర నమ్మి బండి కట్టిన రైతు నష్టం ఎవరు తీరుస్తారు?

ఇక సైజు సంగతి. క్వెరీ_క్యాష్_సైజ్ అంటే మొత్తం ఇచ్చే మెమరీ. క్వెరీ_క్యాష్_లిమిట్ అంటే ఒక్క జవాబుకు హద్దు, మామూలుగా 1 మెగాబైటు. సర్వర్ నెమ్మదించగానే సైజు పెంచేద్దామనిపిస్తుంది. గరిసె పెద్దదైతే వడ్లు ఎక్కువ పడతాయి, నిజమే. కాని ఈ గరిసెకు తాళం ఒక్కటే. లోపల పాత జవాబులు ఏరి పారేసేదాక మిగతావాళ్లు బయట నిలబడాలి. సైజు పెరిగితే ఏరే పనీ పెరుగుతుంది. అందుకే మాన్యువల్ కూడా పదుల మెగాబైట్లే మేలని, వందలకు పోతే లాభం ఉండకపోవచ్చని చెప్పింది.

పెంచే ముందు షో స్టేటస్‌లో మూడు అంకెలు చూడాలి. క్యూక్యాష్_ఇన్సర్ట్స్ ఎక్కువై క్యూక్యాష్_హిట్స్ తక్కువగా ఉంటే, దాచుడే తప్ప వాడుడు లేదన్నమాట. ఎంత పెంచినా దండగే. హిట్స్ బాగుండి, చోటు చాలక పారేసినవాటి లెక్క క్యూక్యాష్_లోమెమ్_ప్రూన్స్ పెరుగుతుంటే కొద్దిగా పెంచవచ్చు.

ఎక్కువ కోర్ల యంత్రాలొచ్చాక ఆ ఒక్క తాళమే గుదిబండైంది. 2017లో 5.7.20లో దీనికి స్వస్తి పలుకుతామన్నారు, 2018లో వచ్చిన 8.0లో తీసేశారు. మరియాడీబీలో మాత్రం ఇంకా ఉంది. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో క్వెరీ_క్యాష్_టైప్‌ను 1 చేసి సర్వర్‌ను మళ్లీ మొదలుపెడితే మన ల్యాబ్‌లోనే ఆ మూడు అంకెలూ చూసుకోవచ్చు.