దివిసీమలో దోమతెరలు పంచాలంటే

ప్రభుత్వం ఇచ్చే మందు పట్టించిన దోమతెరలు ఎక్కువగా పాడేరు, రంపచోడవరం ఏజెన్సీ ఊళ్లకు పోతాయి. మలేరియా బెడద అక్కడే ఎక్కువ కాబట్టి అది సబబే. అలాగని బందరు, గుడివాడ, దివిసీమ వాళ్లకు తెర అక్కర్లేదని కాదు. బోదకాలు మన డెల్టాకు పాత జబ్బు. దాన్ని అంటించే మురుగునీటి దోమ కూడా రాత్రిపూటే కుడుతుంది. ఊరి సంఘమేదైనా చందాలు వేసుకుని తెరలు పంచాలనుకుంటే పని ఇలా సాగాలి.

ముందు జాబితా. రేషన్ కార్డులు చూసి రాసింది దీనికి చాలదు. మలేరియా దోమ పొద్దుగూకాక, తెల్లారేలోపు కుడుతుంది. ఆ వేళ ఎవరు ఎక్కడ పడుకుంటారో తిరిగి రాసుకోవాలి. గుడివాడ వైపు చేపల చెరువు గట్టున పాకలో కాపలా ఉండే మనిషి, ఇటుక బట్టీకి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబం, నాగాయలంకలో వలల దగ్గరే నిద్రపోయే మత్స్యకారుడు ఏ కార్డులోనూ కనబడకపోవచ్చు. నా లెక్కలో మొదటి తెరలు వీళ్లవే. మలేరియా ఉన్న చోటు నుంచి వచ్చినవారి నెత్తుట్లో క్రిమి ఉంటే, ఇక్కడి దోమ దాన్ని ఇంకొకరికి చేరవేస్తుంది. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుంటే గర్భిణులు, చంటిపిల్లలు ఏ ఇళ్లలో ఉన్నారో ఆవిడే చెబుతుంది. ఇద్దరికో తెర చొప్పున లెక్క కట్టాలి.

పంచేటప్పుడు కవరు అక్కడే విప్పి, అంచున ఇంటిపేరు మార్కరుతో రాసి ఇవ్వాలి. విప్పిన తెరను అమ్ముకోవడం కష్టం. కొత్త తెరను ఒక రోజంతా నీడన ఆరేయమనండి. లేకపోతే మొహం మండి, ‘ఈ మందు మాకు పడలేదమ్మా’ అని పక్కన పడేస్తారు.

కట్టడం దగ్గరే అసలు పని. తెరతోపాటు నాలుగు మేకులు, చాలినంత పురికొస ఇవ్వండి. ఆ కాస్త సరంజామా లేక తెర మడత విప్పకుండానే పెట్టెలోకి పోతుంది. నులకమంచమైతే నాలుగు కోళ్లకూ వెదురు గెడలు కట్టి తగిలించవచ్చు. కింద పడుకునేవాళ్లు అంచుల్ని చాప కిందికి దోపాలి. ఇది మైకులో చెబితే వచ్చే విద్య కాదు, ఇంటింటా ఒకసారి కట్టి చూపించాలి.

ఉతకడం సంగతి మన ప్రాంతంలో మరీ ముఖ్యం. తెరకు పట్టించే డెల్టామెత్రిన్ లాంటి మందులు ఆ మోతాదులో మనిషికి హాని చేయవు గానీ చేపకూ రొయ్యకూ విషం. అందుకని చెరువులోనూ పంటకాలవలోనూ తెరను జాడించకూడదు. బకెట్లో చన్నీళ్లు, మామూలు సబ్బుతో ఉతికి, ఆ నీళ్లు చెరువుకు దూరంగా మట్టిగుంటలో పోయాలి. ఆరేసేది నీడలోనే, ఎండకు మందు చెడుతుంది. పాతబడ్డ తెరతో చేపలు పట్టడమూ తప్పే. జాగ్రత్తగా వాడితే 20 ఉతుకుల వరకు, సుమారు మూడేళ్లు మందు పనిచేస్తుంది. చిరుగు పడితే వెంటనే సూది, దారం పట్టాలి.

పది రోజులకు చీకటి పడ్డాక మళ్లీ ఊళ్లోకి వెళ్లండి. ఎన్ని మంచాల మీద తెర దిగిందో అప్పుడే తెలుస్తుంది. దిగని చోట కారణం అడిగి, మేకో తాడో అక్కడికక్కడే సర్దాలి. జ్వరం వచ్చినవాళ్లను, ‘తెరలోనే పడుకుంటున్నాం కదా’ అన్నా సరే, రక్తపరీక్షకు పంపాలి. పండక్కి సొంతూరు వెళ్లొచ్చిన బట్టీ కూలీలకైతే ఆ పరీక్ష అసలు వాయిదా వేయకూడదు.