పెరటి పూలు, పరిమళ వేళ్ళు – చర్మ పోషణకు వాని వినియోగము

మల్లె, గులాబీ తోటలు పెంచు రైతులందరకును తెలిసిన సంగతి ఒకటి కలదు. పెండ్లి ముహూర్తములున్న దినములలో పూలకు పట్టరాని గిరాకీ యుండును. మూఢము వచ్చినచో అవే పూలకు కోత కూలి కూడ గిట్టక గంపలతో గట్టుపై పారబోయవలసి వచ్చును. పూవు ఒక దినమునకు మించి నిలువదు. కాని పూవులోని పరిమళమును కొంతకాలము నిలుపుకొనుటకు మన పెద్దలెరిగిన సులభమైన పద్ధతులు కలవు. ఎండలో, చెమటలో, బురదలో పనిచేయు రైతు కుటుంబమునకు చర్మ పోషణ పట్టణవాసుల కంటె ఎక్కువగా అవసరము. అమ్ముడుపోని పూలను, పెరటి వేళ్ళను ఈ పనికి ఎట్లు వాడుకొనవచ్చునో, ఏ విషయములలో జాగ్రత్త పడవలెనో ఈ పాఠములో తెలిసికొందము.

పరిమళమునకు కారణము

పూవులకు, ఆకులకు, వేళ్ళకు వాసన నిచ్చునది వానిలోని సుగంధ తైలము. ఇది నువ్వుల నూనె, కొబ్బరి నూనెల వంటిది కాదు. గాలిలో ఆవిరియై పోవును. ఒక కాగితముపై నువ్వుల నూనె చుక్క, నిమ్మగడ్డి తైలము చుక్క వేసి చూడుడు. కొన్ని గంటలకు రెండవది ఇంచుమించు మాసిపోవును. మొదటిదాని జిడ్డు మరక అట్లే నిలుచును. వంట నూనె కలిపి కల్తీ చేసిన తైలమును కూడ ఈ విధముగా గుర్తింపవచ్చును.

ఈ తైలము పూలలో మిక్కిలి స్వల్పముగా నుండును. ఒక కిలో గులాబీ తైలమునకు 3,000 నుండి 4,000 కిలోల పూలు కావలెను. కావున ఇంటిలో గులాబీ తైలము తీయుట సాధ్యము కాదు. ఆ వాసనను నీటిలోనికో, నూనెలోనికో, పిండిలోనికో దింపుకొనుట మాత్రము సాధ్యము.

కోత సమయము

గులాబీలను తెల్లవారుజామున, మంచు ఆరకముందే కోయవలెను. ఎండ ఎక్కిన కొలది తైలము ఎగిరిపోవును. పరిమళమునకు నాటు గులాబీ, ఎడ్వర్డు గులాబీ మంచివి. బజారులో కనబడు పెద్ద కాడ గులాబీలలో పలు రకములకు వాసన తక్కువ.

మల్లె సంగతి వేరు. మల్లె మొగ్గ రాత్రి విచ్చుకొనునప్పుడే వాసన నిచ్చును. కావున నాడు కోసిన, బాగుగా ముదిరిన తెల్లని మొగ్గలను సాయంకాలము వాడవలెను. పచ్చి మొగ్గలు విచ్చుకొనవు, వాసన నియ్యవు.

వట్టివేరు నాటిన 15 నుండి 18 నెలలకు త్రవ్వుటకు వచ్చును. తేలిక ఇసుక నేలలలో వేరు లోతుగా దిగును, తెగకుండ వచ్చును. త్రవ్విన వేళ్ళను కడిగి నీడను ఆరబెట్టవలెను. కాని నేల కోతను అరికట్టుటకు గట్లపై నాటిన వట్టివేరును త్రవ్వరాదు. త్రవ్విన గట్టు తొలి వానకే కొట్టుకొనిపోవును. వేరు కొరకు వేరుగా ఒక మడి నాటుకొనుడు.

మందు చల్లిన పూలు పనికిరావు

ఇది ఈ పాఠములో అన్నిటికంటె ముఖ్యమైన మాట. మల్లెలో మొగ్గ తొలుచు పురుగునకు, గులాబీలో తామర పురుగులకు మందులు చల్లుట మామూలే. పూలను ప్రతిదినము కోయుచుండుట వలన మందు చల్లినప్పటి నుండి కోత వరకు ఆగవలసిన గడువు పాటింపబడుట అరుదు. మొక్క లోనికి ప్రవేశించు అంతర్వాహిక మందులు కడిగినంత మాత్రమున పోవు. అట్టి పూలను నీటిలో మరిగించినను, నూనెలో నానబెట్టినను మందు వానితోనే వచ్చి ఒంటికి పట్టును.

కావున ఇంటి వాడకమునకు 10, 15 మొక్కలను పెరటిలో వేరుగా పెంచి, వానిపై ఎట్టి రసాయనమును చల్లకుండుడు. తోటలోనే వేరు చేయదలచినచో గాలి వచ్చు దిక్కున, మందు తుంపరలు పడనంత ఎడముగా ఉంచవలెను. పురుగు పట్టిన మొగ్గలను చేతితో ఏరివేయుట ఇన్ని కొద్ది మొక్కలకు కష్టము కాదు. తోటలో మిగిలిన పూలను ఒంటికి వాడదలచినచో ఆ తోటలో ఏ మందు ఎప్పుడు చల్లితిమో ముందు లెక్క చూచుకొనవలెను. లెక్క తెలియని పూలను ఎరువు గుంటకే పంపుడు.

పన్నీరు తీయు విధము

పెద్ద స్టీలు గిన్నె అడుగున ఒక చిన్న రాయి పీట గాని, మూకుడు గాని బోర్లించి, దానిపై ఖాళీ గిన్నె నుంచవలెను. దాని చుట్టును 250 గ్రాముల తాజా గులాబీ రేకులు వేసి ఒక లీటరు మంచినీరు పోయవలెను. నీరు లోపలి గిన్నెలోనికి పోరాదు. మధ్య గుంట యున్న మూతను తలక్రిందుగా మూసి, ఆ గుంటలో చల్లని నీరు పోయవలెను. సన్నని మంటపై కాచినచో ఆవిరి మూతకు తగిలి చల్లబడి, చుక్కలు చుక్కలుగా లోపలి గిన్నెలో పడును. మూతపై నీరు వేడెక్కినపుడెల్ల మార్చుచుండవలెను. 250 మిల్లీలీటర్లు చేరగానే దింపివేయుడు. అంతకు మించి కాచినచో వాసన పలుచబడును.

కనోజు పట్టణములో అత్తరులు తీయువారు రాగి డేగిసాలు, వెదురు గొట్టములతో చేయు పనియు ఈ సూత్రముపైననే నడచును. అచ్చట ఆవిరిని చందన తైలములోనికి పంపుదురు.

ఈ పన్నీటిని మరిగించి ఆరబెట్టిన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో నుంచి వారము దినములలో వాడుకొనవలెను. బయట ఉంచినచో రెండు దినములకు మించి నిలువ చేయరాదు. తేటదనము పోయినను, వాసన మారినను పారబోయుడు. ఎండలో నుండి వచ్చి ముఖము కడిగిన పిమ్మట దీనిని అద్దుకొనిన హాయిగా నుండును.

నువ్వులకు మల్లె వాసన పట్టించుట

మల్లెకు కాపు పనికిరాదు. వేడికి దాని సున్నితమైన వాసన చెడును. దీనికి ఉత్తర దేశమున పూర్వము నుండి వాడుకలోనున్న పద్ధతి మేలైనది. కడిగి బాగుగా ఎండబెట్టిన నువ్వులను శుభ్రమైన గుడ్డపై పలుచగా పరచి, సాయంకాలము వానిపై మల్లె మొగ్గలు పరచి, మరియొక గుడ్డ కప్పవలెను. రాత్రి విచ్చుకొనిన పూల వాసనను నువ్వులలోని నూనె పీల్చుకొనును. ఉదయమే వాడిన పూలను ఒక్కటియు మిగులకుండ ఏరివేయవలెను. ఉండిపోయిన పూల తడికి బూజు పట్టును. ఈ విధముగా 6, 7 రాత్రులు క్రొత్త మొగ్గలతో చేసి, నువ్వులను నీడను ఆరబెట్టి గానుగ ఆడించవలెను. గానుగకు కొంత మోతాదు నువ్వులు కావలెను గనుక నాలుగిళ్ళవారు కలసి చేసికొనుట మంచిది. ఈ నూనె తలకు, పగిలిన మడమలకు, పొడిబారిన చేతులకు పనికివచ్చును. రాత్రి పాదములు కడిగి, తడి పూర్తిగా ఆరకముందే నూనె రాసినచో పగుళ్ళు మెత్తబడును.

సున్నిపిండి

పెసలు 1 కిలో, శనగలు అర కిలో, నీడను ఎండిన గులాబీ రేకులు 100 గ్రాములు, వట్టివేరు 50 గ్రాములు, కచ్చూరాలు 50 గ్రాములు, కస్తూరి పసుపు 25 గ్రాములు కలిపి మర పట్టించి, వట్టివేరు పీచు పోవునట్లు జల్లించవలెను. 100 గ్రాముల ఎండు రేకులకు ఇంచుమించు అర కిలో పచ్చి రేకులు కావలెను. ఈ పిండి జిడ్డును పీల్చి మురికిని వదల్చును. గాఢమైన సబ్బుల వలె చర్మమును పొడిబారనీయదు.

ఎండలో పనిచేయువారికి హెచ్చరిక

కొందరు సున్నిపిండిలో బావంచాలు కలుపుదురు. బావంచాలలో చర్మమును ఎండకు తట్టుకొనలేనట్లు చేయు పదార్థము కలదు. అది రాసికొని పొలమునకు పోయినచో చర్మము ఎర్రబడి పొక్కులు లేచును, పిదప నల్లని మచ్చలు చాలకాలము నిలుచును. పొలము పని చేయువారు బావంచాలు కలపకుండుటయే మేలు. పచ్చి నిమ్మరసము రాసికొని ఎండలోనికి పోయినను ఇట్టి పొక్కులే వచ్చును. నిమ్మతోటలో కాయలు కోసిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

వయ్యారిభామ కలుపు వలన ఒంటికి దురదలు వచ్చువారు చామంతి మొదలగు ఆ కుటుంబపు పూలను చర్మమునకు రాయరాదు. వారిలో పలువురకు ఆ పూలును పడవు.

నిమ్మగడ్డి, పామారోజా గడ్డి తైలములను కొనువారు వానిని నేరుగా ఒంటికి పూయరాదు. మంటపుట్టి చర్మము కాలినట్లగును. పామారోజా తైలమును 100 మిల్లీలీటర్ల నువ్వుల నూనెకు 20 చుక్కలకు మించి కలపరాదు. నిమ్మగడ్డి తైలము మరింత ఘాటైనది. దానిని నేల కడుగు నీటిలో వాడుకొనుడు. తైలపు సీసాలు పిల్లలకు అందరాదు, మ్రింగినచో ప్రమాదము.

క్రొత్తగా ఏది వాడినను ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒక దినము వేచియుండవలెను. దురద, ఎరుపు రాకున్న పిమ్మటనే వాడవలెను. పసిబిడ్డలకు ఇవి రాయరాదు. ఉబ్బసము గలవారు ఘాటైన వాసనలకు దూరముగా నుండవలెను. ఇవి చర్మమునకు పోషణ, మనస్సునకు హాయి కలిగించునవే గాని రోగములను కుదుర్చు మందులు కావు. తామర, మానని పుండు, స్పర్శ తెలియని మచ్చ కనబడినచో ఆలస్యము చేయక వైద్యునికి చూపుడు.

అమ్మదలచినవారికి

ఇంటి వాడకమునకు ఎవరి అనుమతియు అక్కరలేదు. చర్మమునకు వాడు సరకులను తయారుచేసి అమ్మదలచినచో 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనముల చట్టమును, 2020 నాటి సౌందర్య సాధనముల నియమములను అనుసరించి రాష్ట్ర అధికారుల నుండి లైసెన్సు పొందవలెను. ఎండు రేకులు, వట్టివేరు, సుగంధ గడ్డి పంటలుగా అమ్ముకొనుటకు ఈ చిక్కు లేదు. ఈ పంటల రకములు, తైలము తీయు యంత్రముల వివరములను 1959లో ఆరంభమైన లక్నో ఔషధ, సుగంధ మొక్కల కేంద్ర సంస్థ వారి హైదరాబాదు పరిశోధనా కేంద్రమున అడిగి తెలిసికొనవచ్చును.

రాబోవు మూఢములోపలనే పెరటిలో మందు తగలని నాలుగు గులాబీ, నాలుగు మల్లె మొక్కలు, ఒక వట్టివేరు మడి సిద్ధము చేసికొనుడు. తోట పూలు ధర పడిపోయిన దినమున కూడ ఇంటిల్లిపాదికి పనికివచ్చు పూవు మీ పెరటిలో నుండును.