గొంతెత్తిన వాళ్ళు నేర్పిన పాఠాలు

ఆఫ్రికా గాయకుల పాటలు, ఓడల్లో బానిసలుగా తీసుకుపోయిన ఆఫ్రికన్ల వారసులు అమెరికాలో కట్టుకున్న పాటలు క్యాసెట్ల కాలం నుంచీ వింటున్నాను. సుద్దాల హనుమంతు, గద్దర్ పాటలు వింటూ పెరిగినవాణ్ణి కనుక అవి నాకు ఎప్పుడూ పరాయివిగా తోచలేదు. అన్యాయం చూసి ఊరుకోలేక పాట కట్టాలనుకునే కుర్రవాళ్ళు, ఆడపిల్లలు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. వాళ్ళకు పనికొస్తుందని నాకు తెలిసింది నాలుగు మాటల్లో రాస్తున్నాను.

1. నినాదం ఇవ్వకండి, మనిషిని చూపించండి

గాయకుడు హ్యూ మసెకెలా దక్షిణాఫ్రికాలో విట్‌బ్యాంక్ అనే బొగ్గుగనుల ఊళ్ళో పెరిగాడు. అమ్మమ్మ ఇంట్లో చాటుగా సారా అమ్మేది. పని దిగిన గని కూలీలు అక్కడ చేరి, వదిలివచ్చిన ఊళ్ళనూ పెళ్ళాంబిడ్డలనూ తలుచుకునేవాళ్ళు. పిల్లవాడు చెవులారా విన్న ఆ మాటలే 1974 నాటి ‘స్టిమేలా’ పాటకు మూలం. స్టిమేలా అంటే రైలు.

ఆ పాటలో వర్ణవివక్ష నశించాలన్న కేక లేదు. మలావీ, జాంబియా, మొజాంబిక్, లెసోతో అంటూ కూలీలు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నారో పేరుపేరునా చెబుతాడు. భూమి అడుగున చాకిరీ, ఇనప కంచంలో పారతో పడేసే తిండి, పురుగులు పట్టిన కొట్టాల్లో పడక, అన్నీ మాటల్లోనే చూపిస్తాడు. ఆ తర్వాత నోటితోనే ఆవిరింజను రొద తెస్తాడు. మెల్లగా మొదలై, వేగం అందుకుని, ఒక్కసారిగా కూత పెడుతుంది. తమను ఊళ్ళ నుంచి ఎత్తుకొచ్చిన ఆ రైలు మీద కూలీలకు ఉన్న కసి అంతా ఆ కూతలో వినిపిస్తుంది. వలస కూలీ గురించి పాట కట్టాలనుకుంటే ముందు ఈ పాట పూర్తిగా వినండి.

2. కోపం ఒక్కటే చాలదు, బాణీ కుదరాలి

1963 జూన్‌లో మిసిసిపీలో నల్లవారి హక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను కాల్చి చంపారు. సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లలను బలిగొన్నారు. కడుపు రగిలిన గాయని నీనా సిమోన్ ‘మిసిసిపీ గాడ్‌డామ్’ రాసింది. శాస్త్రీయ పియానోలో గట్టి సాధన చేసిన మనిషి కనుక ఆవేశంలోనూ పనితనం వదల్లేదు. హుషారైన రంగస్థల సంగీతం బాణీలో మొదలుపెట్టింది. జనం ముందు నవ్వుతారు. చరణాలు నడిచేకొద్దీ ఆ నవ్వు ఆగిపోతుంది. దక్షిణాది రేడియోలు కొన్ని ఆ పాట వేయడానికి ఒప్పుకోలేదు. బాణీ చప్పగా ఉంటే ఎంత నిజమైన మాటైనా రెండోసారి ఎవరూ వినరు.

3. జనం నోట ఉన్న భాషలోనే పాడండి

నైజీరియాలో ఒక్కో ప్రాంతానిది ఒక్కో భాష. అందుకే అక్కడి గాయకుడు ఫెలా కుటి బజారు ఇంగ్లీషు, అంటే పిడ్జిన్‌లో పాడాడు. సంతలో అమ్ముకునే ఆమెకూ బస్సు డ్రైవరుకూ అది ఒకేలా అర్థమవుతుంది. పాలకులకూ బాగానే అర్థమైంది. చెప్పిందల్లా చేసే సైనికులను ఎగతాళి చేస్తూ ‘జాంబీ’ పాడాక, 1977 ఫిబ్రవరిలో సైనికులు లాగోస్‌లోని ఆయన ఇంటి మీద పడి తగలబెట్టారు. తల్లి ఫున్మిలాయోను కిటికీలోంచి తోసేశారు. ఒకప్పుడు ఆడవాళ్ళ మీద వేసిన పన్నుకు ఎదురు నిలిచి పోరాటం నడిపిన ధీశాలి ఆమె. మరుసటి ఏడాది కన్నుమూసింది. ఫెలా ఆ దుఃఖాన్ని కూడా పాటలు చేశాడు.

4. సొంతింటి అన్యాయాన్ని దాచకండి

పరాయి పాలకుణ్ణి తిట్టడానికి తోడు దొరుకుతుంది. ఇంటి ఆచారాన్ని ప్రశ్నించేటప్పుడు ఒంటరిగా నిలబడాలి. మాలీ గాయని ఊము సంగారే ఆ పని చేసింది. తండ్రి వదిలిపోతే చిన్నతనం నుంచే పాడి ఇంటికి ఆసరా అయింది. తొలి ఆల్బమ్ ‘ముసోలు’తోనే పేరు తెచ్చుకుని, బహుభార్యాత్వాన్నీ బలవంతపు పెళ్ళిళ్ళనూ పాటల్లో నిలదీసింది. వాసులు అనే ప్రాంతపు వేటగాళ్ళ వాద్యం నుంచి పుట్టిన కమెలెన్‌గోనీ మోగుతుంటే ఆ నిలదీత సాగుతుంది. సంప్రదాయంలోని సంగీతాన్ని ఉంచుకుని, అందులోని క్రూరత్వాన్ని కాదనవచ్చునని ఆమె నిరూపించింది.

5. పాడిన మాట మీద నిలబడండి

దక్షిణాఫ్రికా గాయని మిరియం మకేబా 1960లో తల్లి అంత్యక్రియలకు స్వదేశం వెళ్ళబోతే పాస్‌పోర్టు రద్దయిందని తెలిసింది. 1963లో ఐక్యరాజ్యసమితి కమిటీ ముందు వర్ణవివక్షకు వ్యతిరేకంగా మాట్లాడాక ఆమె రికార్డులను దక్షిణాఫ్రికా నిషేధించింది. 1968లో నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టోక్లీ కార్మైకేల్‌ను పెళ్ళాడాక అమెరికాలోనూ కచేరీలు పోయాయి. గినీకి వెళ్ళి బతికింది. మళ్ళీ సొంత గడ్డ మీద కాలు పెట్టింది 1990లోనే. 2008 నవంబరులో, డెబ్భై ఆరేళ్ళ వయసులో, ఇటలీలోని కాస్టెల్ వోల్టుర్నోలో మాఫియాకు ఎదురు నిలిచిన రచయిత రొబెర్తో సవియానోకు మద్దతుగా పాడి, ఆ కచేరీ ముగియగానే కుప్పకూలి కన్నుమూసింది. అందుకే ఆమె పాడితే జనం నమ్మారు.

6. పాట కట్టినవాడి కూలి ఎగ్గొట్టకండి

1939లో సాలమన్ లిండా అనే జూలూ గాయకుడు ‘ఎంబుబే’ పాట రికార్డు చేశాడు. ఆ బాణీ అమెరికా చేరి, ‘ద లయన్ స్లీప్స్ టునైట్’ పేరుతో లోకమంతా మోగి, చివరికి ‘లయన్ కింగ్’ సినిమాలోకీ ఎక్కింది. లిండా మాత్రం 1962లో పేదవాడిగానే పోయాడు. ఆయన కూతుళ్ళు కోర్టుకెక్కితే 2006లో గానీ రాజీ కుదరలేదు. న్యాయం గురించి పాడేవాళ్ళు ఈ కథ మరిచిపోకూడదు.

మన దగ్గరా పల్లె జనం నోటి నుంచి సినిమాలకు, యూట్యూబుకు ఎక్కిన బాణీలు ఎన్నో ఉన్నాయి. పాట కట్టే పిల్లలకైనా, దాన్ని వాడుకునే పెద్దలకైనా నా మనవి ఒక్కటే: ఆ పాట ఎవరి నోట విన్నారో వాళ్ళ పేరు వేయండి, వాళ్ళకు రావలసిన డబ్బు వాళ్ళు బతికుండగానే చేతికివ్వండి.