ఇల్లు మారిన చిలుక

తెలుగువారికి చిలుకతో ఉన్న చనువు ఈనాటిది కాదు. మధుర మీనాక్షి చేతిలో చిలుక ఉంటుంది. మన్మథునికి అది వాహనం. కదిరీపతి రచించిన శుకసప్తతిలో చిలుకే కథలు చెబుతుంది. పసిపిల్లల ముద్దుమాటలు మనకు చిలుకపలుకులు. ఒకే మాటను ఓపికతో పదేపదే బోధించడాన్ని ‘చిలక్కి చెప్పినట్లు చెప్పడం’ అంటాము. ఈ నానుడిలో చెప్పేవాడు మనిషి, నేర్చుకొనేది పక్షి. అయితే ఒక ఇంట పెరిగిన చిలుక మరొక ఇంటికి చేరినప్పుడు ఈ వరుస తలక్రిందులవుతుంది. అక్కడ మొదట నేర్చుకోవలసినవాడు మనిషే.

అసలు చిలుక ఇల్లు మారవలసిన అవసరం ఎందుకు వస్తుంది? దాని ఆయుర్దాయమే ఇందుకు ముఖ్యకారణం. ఆస్ట్రేలియా నుండి వచ్చిన కాకటీల్ జాతి పక్షి చక్కని పోషణలో పదిహేను, ఇరవై ఏళ్ళు జీవిస్తుంది. ఆఫ్రికా బూడిదరంగు చిలుక నలభై ఏళ్ళకు పైగా బ్రతకగలదు. అంతకాలంలో యజమానికి బదిలీ కావచ్చు, పిల్లలు పైచదువులకు వెళ్ళిపోవచ్చు, ముసలితనం పైబడవచ్చు. తెల్లవారుజామున అది వేసే కేకలకు ఇరుగుపొరుగులు విసుగు చెందవచ్చు. అప్పుడు పంజరం చేతులు మారుతుంది. మనిషికి అది ఒక సామాను తరలింపు. గుంపుగా జీవించడమే స్వభావమైన చిలుకకు మాత్రం ఇంటివారే గుంపు. ఒక్క పూటలో దాని గుంపంతా మాయమైపోతుంది.

నమ్మకం మాట ఎత్తడానికి ముందు మరొక ప్రశ్న ఉన్నది. ఆ పక్షి ఇంట ఉండదగినదేనా? మన రామచిలుక విషయంలో చట్టం స్పష్టంగా కాదంటున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం రామచిలుక రెండవ షెడ్యూలులో చేరింది. దానిని పట్టడం, అమ్మడం, కొనడం, పెంచడం నేరం. పూర్వజన్మలో చిలుకను పంజరంలో బంధించినందువల్లనే భక్త రామదాసు గోల్కొండ చెరలో మగ్గవలసి వచ్చిందని జనశ్రుతి. చట్టం పుట్టకముందే ప్రజల మనస్సు ఈ తీర్పు చెప్పుకొన్నదన్నమాట! కనుక ఎవరైనా రామచిలుకను ‘మీరు పెంచుకోండి’ అని ఇవ్వజూపితే దానిని అటవీశాఖకు అప్పగించడమే సరైన పని. జాలిపడి వెంటనే ఎగురవేయడం కూడా క్షేమం కాదు. రెక్కల ఈకలు కత్తిరించిన పక్షికి పాత ఈకలు రాలి క్రొత్తవి వచ్చేదాకా ఎగరడం సాధ్యపడదు. చిన్ననాటి నుండి చేతిమేత తిన్న పక్షికి ఆహారం వెదకుకోవడం తెలియదు.

విదేశీ జాతుల సంగతి వేరు. వాటిలోనూ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణకు లోబడిన జాతులను పెంచేవారు 2024లో వెలువడిన నియమాల ప్రకారం ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకోవాలి. ఆఫ్రికా బూడిదరంగు చిలుక ఈ కోవకు చెందినదే. పక్షి ఒకరి నుండి మరొకరికి మారినప్పుడు ఆ మార్పునూ తెలియజేయాలి.

హనుమకొండలోని ఒక ఇంటికి అటువంటి బూడిదరంగు చిలుక, పత్రాలన్నీ సక్రమంగా ఉండి, వచ్చిందనుకొందాము. ఇంటిల్లిపాదీ పంజరం చుట్టూ మూగుతారు. పిల్లలు ఊచల మధ్య వేళ్ళు పెడతారు. ‘రామా అను, రామా అను’ అని పెద్దలు పోరుపెడతారు. పక్షి ఈకలను శరీరానికి అదిమిపట్టి, మెడ సాచి, కొయ్యబొమ్మలా నిలుచుంటుంది. ‘ఎంత బుద్ధిగా ఉన్నదో’ అని అందరూ మెచ్చుకొంటారు. అది బుద్ధి కాదు, భయం. చిలుక కన్నులు తలకు ఇరుప్రక్కల ఉంటాయి. ముందు, వెనుక, పైన, అన్ని దిక్కుల నుండి వచ్చే ఆపదను కనిపెట్టడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. పైనుండి దిగే చేయి దాని కంటికి గద్ద వంటిది. నాలుగు వైపులా మనుషులు నిలిచినప్పుడు దానికి తప్పించుకొనే దారి ఉండదు.

అందుచేత పంజరాన్ని ఒక గోడకు ఆనించి, మనిషి ఛాతీ ఎత్తున ఉంచాలి. వంటగది పనికిరాదు. అంటుకోని పూత పూసిన పెనం అతిగా వేడెక్కితే వెలువడే వాయువు పక్షులకు ప్రాణాంతకం. వరంగల్ ఎండలు నలభై డిగ్రీలు దాటే మే నెలలో కిటికీ ఎండ, వడగాలి తగలని చోటు వెదకాలి. రాత్రి పది పన్నెండు గంటలు చీకటి, నిశ్శబ్దం కావాలి. అర్ధరాత్రి దాకా టీవీ మ్రోగే హాలులో ఇది కుదరదు. వీలైతే పాత పంజరం, పాత ఆటవస్తువులు, పాత మేత కొన్నాళ్ళపాటు అలాగే కొనసాగించాలి. గింజలు మాత్రమే తినే అలవాటు మంచిది కాదు. అయినా మొదటి వారంలోనే దానిని మాన్పించబూనడం తొందరపాటు. ఆకుకూరలు, క్యారెట్ మెల్లగా అలవాటు చేయవచ్చు. అవకాడో, చాక్లెట్ మాత్రం ఎన్నడూ పెట్టరాదు.

ఆ తరువాత చేయవలసింది దాదాపు ఏమీ లేదు. ఇదే అన్నిటికంటె కష్టమైన పని. పంజరానికి కొంత ఎడంగా, దానివైపు తేరిపార చూడకుండా కూర్చుండాలి. ఇంటర్మీడియట్ విద్యార్థి తన పాఠాన్ని అక్కడ కూర్చుండి పైకి చదువుకొంటే ఇరువురికీ ప్రయోజనమే. విద్యార్థికి పాఠం వస్తుంది, పక్షికి ఆ కంఠస్వరం అలవాటవుతుంది. తన ఎదుట అది మేత తినసాగినదంటే మొదటి మెట్టు దాటినట్లే. అప్పుడు కుర్చీని ఒక మూర ముందుకు జరపవచ్చు. పక్షి మళ్ళీ బిగుసుకుపోతే మూర వెనుకకు జరగాలి. అవమానంగా భావించనక్కరలేదు.

ఇక్కడ మచ్చికకు, నమ్మకానికి గల భేదాన్ని గుర్తించాలి. ఆకలితో మాడ్చి చేతి గింజకు రప్పించడం, రెక్కలు కత్తిరించి పారిపోలేకుండా చేయడం, తువ్వాలుతో అదిమిపట్టి నిమరడం, ఇవన్నీ పాతకాలపు మచ్చిక పద్ధతులు. వీటివల్ల పక్షి లొంగుతుంది, నమ్మదు. దీనికి భిన్నమైన మార్గం చాలా చిన్న విషయంతో మొదలవుతుంది. దానికి ప్రీతిపాత్రమైన పొద్దుతిరుగుడు గింజలను గిన్నెలో నుండి తీసివేయాలి. మిగిలిన మేత కడుపునిండా ఉండాలి. ఇంటివారు అటుగా వెళ్ళినప్పుడల్లా ఒక గింజను గిన్నెలో వేసి, ఆగకుండా సాగిపోవాలి. మనిషి రావడం, మంచి జరగడం, మనిషి వెళ్ళిపోవడం అనే క్రమం పక్షికి అర్థమవుతుంది. కొన్నాళ్ళకు పొడవైన చెంచాతో ఊచల మధ్య నుండి, ఆపైన వ్రేళ్ళతో గింజను అందించవచ్చు. తలుపు తెరచి, చేతిని క్రిందివైపు నుండి మెల్లగా చాచడం చాలా తరువాతి సంగతి. పక్షి ముఖం త్రిప్పుకొన్నా, వెనుకకు జరిగినా చేతిని వెంటనే తీసివేయాలి. తాను వద్దన్నప్పుడు మనిషి ఆగుతాడని తెలిసిన పక్షికి కరవవలసిన పని తగ్గిపోతుంది. ముక్కుపోటు సాధారణంగా మొదటి మాట కాదు. అంతకుముందు అది చెప్పిన మాటలను ఎవరూ వినకపోవడమే దానికి కారణం.

అమెరికా శాస్త్రవేత్త ఐరీన్ పెప్పర్‌బర్గ్ 1977లో ఒక బూడిదరంగు చిలుకను కొని, దానికి ఆలెక్స్ అని పేరు పెట్టి, 2007లో అది మరణించేవరకు పరిశోధన సాగించింది. అది నూరుకు పైగా పదాలు నేర్చింది. రంగులను, ఆకారాలను గుర్తించేది. పరీక్షలతో విసిగినప్పుడు పంజరానికి తిరిగిపోతానని మాటలలోనే చెప్పేది. మాటలు రాని చిలుకలు కూడా అదే సంగతిని దేహంతో చెబుతాయి. బూడిదరంగు చిలుక కంటిపాప గబగబా సంకోచించి వ్యాకోచిస్తే అది ఉద్రేకంలో ఉన్నదన్నమాట. సంతోషమో, కోపమో తేలేదాకా చేయి దూరంగా ఉంచడం మేలు. ఒంటికాలిపై నిలిచి కునుకు తీస్తే నిశ్చింతగా ఉన్నట్లు. అయితే పగలంతా ఈకలు ఉబ్బించుకొని పంజరం అడుగున ముడుచుకొని ఉంటే అది విశ్రాంతి కాదు, వ్యాధి. పక్షులు రోగాన్ని దాచిపెట్టడంలో గడుసరులు. తన ఈకలను తానే పీకివేసుకొంటున్నా దిగులని సరిపెట్టుకోక మొదట పశువైద్యునికి చూపించాలి. వరంగల్ సమీపాన మామునూరులో పశువైద్య కళాశాల ఉన్నది.

కొన్ని వారాలకు ఒక వింత జరగవచ్చు. కుక్కరు లేకుండానే కుక్కరు ఈల వినబడుతుంది. ఆ ఇంట ఎవరికీ లేని పేరుతో చిలుక ఎవరినో పిలుస్తుంది. ఆ గొంతు పాత ఇంటి గృహిణిది. భయం కొంత తగ్గిన తరువాతనే ఇటువంటి మాటలు బయటపడటం కద్దు. ‘ఆ పేరు మరచిపో’ అని కసురుకొనేవారు ఉంటారు. అది తగదు. ఆ పిలుపునకు మెల్లని స్వరంతో ఏదో ఒక జవాబు చెప్పడమే ఉచితం. గుంపులోని పక్షులు ఒకదానినొకటి పిలుచుకొనేది బదులు కోసమే.

కొన్ని చిలుకలకు ఇదంతా రెండు నెలలు పడుతుంది, కొన్నింటికి రెండేళ్ళు. కొన్ని చివరి వరకు చేతిపైకి రావు. ఎదుటి కుర్చీ వీపుపై వాలి, మనిషి చదువుకొంటుంటే చూస్తూ కూర్చుంటాయి. నిద్రకు ముందు నిశ్చింతగా ఉన్న చిలుక పై ముక్కును, క్రింది ముక్కును ఒరసి సన్నగా గరగరమని చప్పుడు చేస్తుంది. క్రొత్త ఇంట మొదటి రాత్రులలో ఆ చప్పుడు దీపం ఆర్పి అందరూ వెళ్ళిపోయిన తరువాతగాని వినబడదు. ఒకనాటి రాత్రి, విద్యార్థి ఇంకా పుస్తకం మూయకముందే, దీపం వెలుగుతుండగానే అది మొదలవుతుంది.