పోటీ పరీక్షల ప్రత్యేకం: బెంగళూరు – పట్టణ స్థానిక పాలన

74వ రాజ్యాంగ సవరణ (1992): 1993 జూన్ 1 నుంచి అమలు. భాగం 9-ఎ, అధికరణలు 243(పి)–243(జడ్‌జీ). 12వ షెడ్యూల్: 18 అంశాలు.

కీలక అధికరణలు
• 243(ఎస్): 3 లక్షలు, అంతకు మించిన జనాభా ఉంటే వార్డు కమిటీలు. వీధి చెత్త, దీపాల సమస్య పౌరుడు నేరుగా లేవనెత్తే వేదిక.
• 243(యూ): పదవీకాలం 5 ఏళ్లు. గడువు ముగిసేలోపే ఎన్నికలు. ముందే రద్దయితే 6 నెలల్లోపు.
• 243(జడ్‌ఏ): ఎన్నికల బాధ్యత రాష్ట్ర ఎన్నికల సంఘానిది.
• 243(జడ్‌ఈ): మెట్రోపాలిటన్ ప్రణాళికా కమిటీ.

బెంగళూరు కాలక్రమం
• 2007: బృహత్ బెంగళూరు మహానగర పాలికె (బీబీఎంపీ) ఏర్పాటు, తర్వాత 198 వార్డులు.
• 2015 ఆగస్టు: చివరి బీబీఎంపీ ఎన్నికలు.
• 2020 సెప్టెంబర్ 10: కౌన్సిల్ గడువు పూర్తి, అధికారి పాలన.
• 2025 మే 15: గ్రేటర్ బెంగళూరు పాలన చట్టం–2024 అమలు.
• 2025 సెప్టెంబర్: బీబీఎంపీ స్థానంలో 5 కార్పొరేషన్లు – సెంట్రల్, ఈస్ట్, వెస్ట్, నార్త్, సౌత్. వీటిపై గ్రేటర్ బెంగళూరు అథారిటీ, అధ్యక్షుడు ముఖ్యమంత్రి.

తప్పక గుర్తుంచుకోండి: కిషన్‌సింగ్ తోమర్ కేసు (2006). స్థానిక ఎన్నికలు గడువులోగా జరగాల్సిందేనని సుప్రీంకోర్టు తీర్పు.

మెయిన్స్ ప్రశ్న: బీబీఎంపీ రద్దయ్యే నాటికి బెంగళూరులో ఐదేళ్లుగా కార్పొరేటర్లు లేరు. నిధులు, విధులు, సిబ్బందితో పాటు సకాలంలో ఎన్నికలూ ఉంటేనే స్థానిక ప్రజాస్వామ్యం నిలుస్తుంది. చర్చించండి.